హార్లీయా? ఇండియనా? – స్టర్జిస్ సంతలో మా ఆవిడ తీర్పు

‘టెర్మినేటర్ 2’ మా తెనాలికి వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. మాట్నీకి నేల టిక్కెట్టు కొనుక్కుని, మెడ పట్టేసేలా ముందు వరసలో కూర్చుని చూశాను. కుర్రాణ్ణి లారీ తరుముకొస్తోంది. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తోలు కోటు తొడుక్కుని, దున్నపోతులాంటి మోటారు సైకిలుతో సహా ఎండిపోయిన కాలవలోకి అమాంతం దూకాడు చూడండి… హాలంతా ఈలలే! పక్కనున్న మా అన్నయ్యని గోకి, ‘‘అది ఏం బండి అన్నయ్యా?’’ అనడిగాను. అన్నయ్య తడుముకోకుండా చెప్పేశాడు: ‘‘బుల్లెట్టే. అమెరికా బుల్లెట్టు!’’

ఆ అమెరికా బుల్లెట్టు అసలు పేరు హార్లీ డేవిడ్సన్ ఫ్యాట్ బాయ్ అని తెలియడానికి నాకు మరో పదేళ్ళు పట్టింది. దానికి ఇండియన్ అని ఒక దాయాది ఉందని తెలిసింది ఇంకా తర్వాత, ఆంథొనీ హాప్కిన్స్ నటించిన ‘ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్’ (2005) చూశాక. పేరు చూసి మనవాడి కథేమో అనుకుని డీవీడీ తెచ్చుకున్నాను. తీరా చూస్తే న్యూజిలాండ్ ముసలాయన కథ. బర్ట్ మన్రో అనే ఆయన 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండిని తన షెడ్డులో తనే అరగదీసి, కరగబోసి, 1967లో అమెరికా ఉప్పు మైదానాల మీద గంటకి 183 మైళ్ళకి పైగా తోలాడు. అప్పటికాయన వయసు 68! మన దగ్గర ఆ వయసువాళ్ళని స్కూటరు వెనక కూడా ఎక్కనివ్వం.

ఇన్నేళ్ళూ రెండు బళ్ళూ నాకు తెరమీదే. కారణం చిన్నది కాదు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు స్నేహితుడి బండి తీసుకుని కాలవగట్టు మీద హీరోలా వంపు తిప్పబోయి, జారిపడి, భుజం ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆస్పత్రిలో మా అమ్మ నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకుంది, మళ్ళీ మోటారు సైకిలు ముట్టనని. ఇరవై నాలుగేళ్ళు ఆ ఒట్టు నిలబెట్టాను. చివరికి 2024లో ఒక ఆదివారం ఫోనులో తనే మెత్తబడింది. ‘‘సరేరా నాన్నా, నీకూ నలభై దాటాయి. కోడలు ఒప్పుకుంటే కొనుక్కో’’ అంది. అంటే ఏమిటన్నమాట? కేసు కింద కోర్టు నించి పై కోర్టుకి వెళ్ళింది!

పై కోర్టు తీర్పు అంత సులువుగా రాలేదు. మా ఆవిడ మూడు షరతులు పెట్టింది. మా అమ్మాయి కాలేజీ ఫీజు పక్కన పెట్టాకే బండి మాట. హెల్మెట్ లేకుండా గుమ్మం దాటకూడదు. ‘‘ఇక మూడోది, నేనూ ఎక్కుతాను. నేను కూర్చోలేని బండి మనింటికి రాదు.’’ నేను దాన్ని చిన్న షరతే అనుకున్నాను. కథంతా అక్కడే ఉందని నాకేం తెలుసు?

బావమరిది ఊరు

మేముండేది షికాగో దగ్గర. మా బావమరిది ఉండేది తొంభై మైళ్ళ దూరంలో మిల్వాకీలో. హార్లీ పుట్టిల్లు మిల్వాకీయే. 1903లో విలియం హార్లీ, ఆర్థర్ డేవిడ్సన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు, డేవిడ్సన్ వాళ్ళ పెరట్లో, పది అడుగుల వెడల్పు పదిహేను అడుగుల పొడవున్న చెక్క షెడ్డులో మొదలెట్టారు. మన ఊళ్ళో సైకిల్ షాపుకి కూడా అంతకన్నా చోటుంటుంది. ఆ ఊరి నీళ్ళు ఎనిమిదేళ్ళుగా తాగుతున్న మావాడికి హార్లీ తప్ప ఇంకో బండి కంటికి ఆనదు. చొక్కా మీద హార్లీ, టోపీ మీద హార్లీ, తాళాల గుత్తికి హార్లీ. చిత్రమేమిటంటే బండి మాత్రం లేదు! ‘‘బావా, నువ్వు కొను, తర్వాత నేను కొంటాను’’ అంటూ మూడేళ్ళుగా నన్ను ఎగదోస్తున్నాడు.

బయలుదేరే ముందురోజు మమ్మల్ని హార్లీ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. నది ఒడ్డున 2008లో కట్టారు. లోపల ‘సీరియల్ నంబర్ వన్’ అని, కంపెనీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పాత బండి గాజు పెట్టెలో దేవుడి విగ్రహంలా ఉంది. ఎల్విస్ ప్రెస్లీ 1956లో కొన్న బండి ఉంది. నన్ను కదలనివ్వనిది మాత్రం ఇంకొకటి. తుప్పుపట్టి, ఇసుక కొట్టుకుపోయిన ఒక నైట్ ట్రెయిన్ బండి. 2011 సునామీలో జపాన్ తీరం నించి ఒక పెట్టెతో సహా పసిఫిక్ సముద్రంలోకి కొట్టుకుపోయింది. ఏడాది తర్వాత కెనడా ఒడ్డున తేలింది. బాగుచేసి ఇస్తామంటే ఆ జపాన్ ఆసామీ వద్దన్నాడట. పోయినవాళ్ళ జ్ఞాపకంగా అలాగే ఉంచమన్నాడట. మా ఆవిడ అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. అప్పటిదాకా ఆవిడకి మోటారు సైకిలంటే చప్పుడు చేసే ఇనుము, అంతే.

చప్పుడంటే గుర్తొచ్చింది. హార్లీ మోగే తీరు వేరు. రెండు సిలిండర్లూ 45 డిగ్రీల కోణంలో ‘వీ’ ఆకారంలో ఉంటాయి. రెండు పిస్టన్ల రాడ్లూ క్రాంకు మీద ఒకే పిన్నుకి తగిలించి ఉంటాయి. అందుకని పేలుళ్ళు సమంగా పడవు. ఒకటి పేలాక 315 డిగ్రీలకి రెండోది, ఆ తర్వాత 405 డిగ్రీలకి మళ్ళీ మొదటిది. కుంటి గుర్రం దౌడు తీసినట్టు… దగడ్ దగడ్… దగడ్ దగడ్. ఆ చప్పుడు మా సొంతం, ఇంకెవరూ చెయ్యకూడదు అంటూ 1994లో హార్లీవాళ్ళు ట్రేడ్ మార్కుకి అర్జీ పెట్టారు. మిగతా కంపెనీలు అడ్డం తిరిగాయి. ఆరేళ్ళు తగువాడి 2000లో వీళ్ళే వెనక్కి తీసుకున్నారు. పాట మీద హక్కుల కోసం కోర్టుకెక్కే మన సినిమావాళ్ళే నయం!

అంతఃపురం బయటి నించే

మర్నాడు, శనివారం పొద్దున్నే కారులో బయలుదేరాం. ‘బండి కొనడానికి కారులోనా?’ అని నవ్వకండి. మాకింకా బండి లేదుగా! ఐస్ పెట్టెలో పులిహోర, దోసకాయ పచ్చడి, పెరుగు. మావాడు స్టీరింగు, మా ఆవిడ పాటలు, నేను మ్యాపు. మిసిసిపి నది దాటితే మిన్నెసోటా. అక్కణ్ణించి గంటలకొద్దీ మొక్కజొన్న చేలే. కన్నార్పితే కూడా ఏమీ పోదు.

ఆ దారిలో జాక్సన్ అనే ఊరి దగ్గర నేను బండి దక్షిణానికి తిప్పించాను. ‘‘ఎక్కడికి బావా?’’ అని మావాడికి అనుమానం. అయోవా సరిహద్దు దాటగానే స్పిరిట్ లేక్ అని చెరువు పక్కన చిన్న ఊరు. ఇప్పటి ఇండియన్ మోటారు సైకిళ్ళు తయారయ్యేది అక్కడే. శనివారం కదా, గేటు మూసుంది. కంచె బయట నిలబడి చూశాను. మావాడు కారు దిగలేదు. ‘‘నేను శత్రువుల ఇంటి ముందు దిగను’’ అన్నాడు సినిమా ఫక్కీలో.

ఇండియన్ కథ నిజంగా సినిమా కథే. హార్లీకన్నా రెండేళ్ళు పెద్ద. 1901లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జార్జ్ హెండీ, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ మొదలెట్టారు. 1911లో ఇంగ్లండు పక్కనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ పందెంలో మొదటి మూడు స్థానాలూ ఇండియన్‌వే. 1920లో స్కౌట్, 1922లో చీఫ్. తెరమీద మోటారు సైకిళ్ళు తోలిన స్టీవ్ మెక్వీన్ ఇంటి దగ్గర దాచుకున్న వాటిలో పాత ఇండియన్లు ఎన్నో ఉండేవి. ఇంత వెలిగిన కంపెనీ 1953లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బళ్ళు చెయ్యడం ఆపేసింది. తర్వాత ఆ పేరు చేతులు మారింది, కోర్టుల చుట్టూ తిరిగింది, కాలిఫోర్నియాలో ఒకసారి లేచి 2003లో మళ్ళీ పడింది. 2011లో పొలారిస్ కంపెనీ కొన్నాక 2013 ఆగస్టులో కొత్త చీఫ్ బయటికొచ్చింది. ఎక్కడ? మేం వెళుతున్న స్టర్జిస్‌లోనే!

హార్లీకి మాత్రం గండాలు లేవా? 1969లో ఏఎమ్ఎఫ్ అనే పెద్ద కంపెనీ చేతిలోకి పోయింది. అదే ఏడు ‘ఈజీ రైడర్’ విడుదలై పీటర్ ఫోండా, డెనిస్ హాపర్‌ల పొడుగు ముక్కు హార్లీలకి కుర్రకారు ప్రపంచమంతటా మెడలు తిప్పి చూస్తోంది. తెరమీద అంత వైభవం, ఫ్యాక్టరీలో నాణ్యత దిగజారుడు! చివరికి 1981లో పదమూడుమంది అధికారులు కలిసి అప్పుచేసి కంపెనీని వెనక్కి కొనుక్కున్నారు. ఈ ముక్క చెప్పేటప్పుడు మావాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. నిజం!

ఏడువేల ఊళ్ళో లక్షల జనం

సౌత్ డకోటాలో స్టర్జిస్ జనాభా సుమారు ఏడువేలు. ఆగస్టు మొదట్లో పది రోజులు మాత్రం కోటప్పకొండ తిరనాళ్ళే. 2015లో 75వ పండగకి ఏడు లక్షల ముప్ఫై వేల మంది పైగా వచ్చారు. మేం వెళ్ళినది 84వది. మెయిన్ స్ట్రీటు మీద ఆ రోజుల్లో కార్లని రానివ్వరు. రెండు పక్కలా రెండు వరసలు, రోడ్డు మధ్యలో మరో రెండు వరసలు, కనుచూపు మేర మోటారు సైకిళ్ళే. గడ్డాలు, పచ్చబొట్లు, తోలు చొక్కాలు. మొదట్లో మా ఆవిడ నా మోచెయ్యి వదల్లేదు. పది నిమిషాల్లో అసలు సంగతి తెలిసిపోయింది. ఆ గడ్డాల్లో సగం తెల్లవి! మా పక్కన మంచినీళ్ళ సీసా కొనుక్కున్న భీకరాకారుడు పళ్ళ డాక్టరట. ‘‘అమ్మాయీ, జాగ్రత్త, ఎండ దెబ్బ తగులుతుంది’’ అని మా ఆవిడకి తనే టోపీ ఇవ్వబోయాడు.

ఎటు చూసినా హార్లీలే. మావాడు పెళ్ళికొడుకులా నడుస్తున్నాడు. నేను ఊరుకోలేక అడిగాను, ‘‘ఈ తిరనాళ్ళు మొదలెట్టినవాడు ఎవరో తెలుసా?’’ అని. తెలీదు వాడికి. 1938లో ఈ పందేలు మొదలెట్టిన క్లారెన్స్ ‘పాపీ’ హోయెల్ ఈ ఊళ్ళో మోటారు సైకిళ్ళ దుకాణం నడిపేవాడు. ఏ కంపెనీ దుకాణం? ఇండియన్! మావాడి మొహం ఇంటర్వెల్ ముందు విలన్ మొహంలా అయిపోయింది. కాస్త తేరుకుని, ‘‘అయితే ఏంటి బావా? మార్లన్ బ్రాండో ‘ది వైల్డ్ వన్’లో…’’ అని మొదలెట్టాడు. అదీ కుదర్లేదు. 1953 నాటి ఆ బొమ్మలో బ్రాండో ఎక్కింది ఇంగ్లీషు ట్రయంఫ్. హార్లీ ఎక్కింది ఆయనతో తన్నులాడే లీ మార్విన్!

ఆ వీధిలోనే నాకు ఇంకో వింత కనపడింది. ట్యాంకు మీద ఇండియన్ అని రాసుంది. కానీ ఇంజను మాత్రం… ఒంటి సిలిండరు, ఆ కేసు ఆకారం, ఆ పక్క మూత… నాకు తెలిసిన మొహమే! వంగి చూస్తుంటే దాని యజమాని నవ్వాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ మూతపడ్డాక, 1950ల రెండో సగంలో, ఇంగ్లండు నించి రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్ళు తెచ్చి ఇండియన్ పేరు అంటించి అమెరికాలో అమ్మారట. ఇది వాటిలో ఉడ్స్‌మన్. అంటే అచ్చంగా మన 500 బుల్లెట్టు చుట్టం! అదే 1955 నించి మద్రాసులోనూ ఎన్‌ఫీల్డులు తయారవుతున్నాయి. మా అన్నయ్యకి వెంటనే ఫోటో పంపించాను. ‘అమెరికా బుల్లెట్టు’ అని వాడు 1992లో కొట్టిన డప్పు మరీ అబద్ధం కాదు.

పడ్డాను… ఏ బండి మీద నించో చెప్పను

రెండు కంపెనీలూ లైసెన్సున్న వాళ్ళకి అక్కడ బళ్ళు నడిపి చూడనిస్తాయి. వరసలో నిలబడి, కాగితం మీద సంతకం పెట్టి, గుంపుగా ఒక చుట్టు తిరిగి రావాలి. అది పెళ్ళిచూపులు లాంటిది. అయిదు నిమిషాల్లో ఏం తెలుస్తుంది? అందుకని రెండు రోజులు రెండు బళ్ళు అద్దెకి తీసుకున్నాం. హార్లీ హెరిటేజ్ క్లాసిక్ ఒకటి, ఇండియన్ సూపర్ చీఫ్ ఒకటి. అప్పట్లో కొత్తవైతే రెండూ ఇరవై వేల డాలర్ల చుట్టుపక్కలే. రెంటి ఇంజన్లూ 1,900 సీసీకి కాస్త తక్కువ. మన 350 బుల్లెట్లు అయిదు కలిపితే ఒకటి. బరువు సుమారు 330 కిలోలు. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, నా బరువు చెప్పను.

ఐరన్ మౌంటెన్ రోడ్డని ఒకటుంది. పీటర్ నోర్బెక్ అనే సెనేటరు దగ్గరుండి 1930లలో వేయించాడు. పదిహేడు మైళ్ళ పొడవులో 314 వంపులు! కొండ ఎక్కడానికి పందితోక చుట్టినట్టు చెక్క వంతెనలు మూడు. సొరంగాలు మూడు. సొరంగంలోంచి బయటికి చూస్తే తలుపు చట్రంలో పటం పెట్టినట్టు రష్‌మోర్ కొండ మీద నలుగురు ప్రెసిడెంట్ల మొహాలు. హిచ్‌కాక్ ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ (1959) చూసినవాళ్ళకి ఆ మొహాలు గుర్తుండే ఉంటాయి. సరదా కోసం వేసిన రోడ్డే తప్ప ఊరు చేరడానికి వేసింది కాదు.

వంపుల్లో రెండు బళ్ళ స్వభావాలూ బయటపడ్డాయి. హార్లీ ఏనుగు. ఒకసారి వాలిందంటే అలాగే హాయిగా, అడుగు అడుగుకీ దగడ్ దగడ్ మంటూ పోతుంది. ఇండియన్ గొంతు కాస్త మెత్తన, లాగుడు చురుకు, హ్యాండిలు తిప్పితే చెప్పిన మాట వింటుంది. రెండూ చేతుల్లోంచి వెన్నులోకి పాకే బళ్ళే. మొదటి రోజు సాయంత్రానికి నేను ఇండియన్ పార్టీయే. దాని మీద ఈకల కిరీటం పెట్టుకున్న తలబొమ్మ చూస్తుంటే నాకు మన్రో ముసలాయనే కనిపించాడు.

ఇక ఆ రెండో రోజు… కొండ మలుపులో ఫోటోల కోసం ఆగే చోట కంకర పోసుంది. నెమ్మదిగా, గంటకి నాలుగు మైళ్ళ వేగంతో, హ్యాండిలు తిప్పి ఉంచి ముందు బ్రేకు పట్టాను. అంతే! ఏ బండి మీదో అడక్కండి. తప్పు బండిది కాదు, తిప్పినవాడిది. 330 కిలోలు ఒరుగుతుంటే కాలు అడ్డం పెట్టి ఆపుదామనుకోవడం ఎంత వెర్రో ఆ క్షణంలో తెలిసింది. చెట్టు కూలినట్టు నిదానంగా, మర్యాదగా, యాభైమంది చూస్తుండగా నేలమీద పడుకున్నాం ఇద్దరమూ. మా ఆవిడ అప్పటికే దిగి నిలబడి ఉంది, అదృష్టం.

నాకు పంతొమ్మిదేళ్ళ వయసు, కాలవగట్టు, మా అమ్మ నెత్తి మీద నా చెయ్యి… అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మా ఆవిడ మొహం వంక చూడలేకపోయాను. ఇంక బండి మాట లేనట్టే అనుకున్నాను. గడ్డాలవాళ్ళు ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. లేపి ఇచ్చి వెళ్ళిపోతారనుకున్నాను. ఊహూఁ! వాళ్ళలో ఒకాయన ముందు బండి ఆపించి, గేరులో పెట్టించి, నాచేతే లేపించాడు. బండికి వీపు ఆనించి గొంతుకూర్చోవాలి. ఒక చేత్తో హ్యాండిలు చివర, ఇంకో చేత్తో సీటు కింది కమ్మీ పట్టుకోవాలి. నడుముతో కాదు, కాళ్ళతో వెనక్కి అడుగులో అడుగు వేసుకుంటూ లేవాలి. లేచింది! కమ్మీకి ఒక గీత, నా మోకాలికి ఒక గీత. ఆయన మా ఆవిడ వైపు తిరిగి, ‘‘మీరూ నేర్చుకోండి’’ అన్నాడు. ఆవిడ చేతి సంచి నాకిచ్చి ముందుకొచ్చింది. మా ఆవిడ చుడీదారు మీద తోలు కోటు వేసుకుని హార్లీకి వీపు ఆనించి నిలబడ్డ ఫోటో (అయ్యో, బండి పేరు చెప్పేశాను!) మా ఇంట్లో టీవీ పైన ఉంది.

మధ్యాహ్నం కస్టర్ పార్కులో అడవిదున్నల మంద రోడ్డుకి అడ్డంగా నిలబడింది. ఆ పార్కులో అవి వెయ్యికి పైగా ఉన్నాయి. హారను కొట్టకూడదు, దిగకూడదు, వాటికి తోచినప్పుడు కదులుతాయి. ఎండలో అరగంట. గాలికి చల్లబడే పెద్ద ఇంజన్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది, నిలబడితే కాళ్ళు కాలతాయి. అందుకే రెండు కంపెనీలూ ఆగి ఉన్నప్పుడు వెనక సిలిండరు పనిచెయ్యకుండా చేసే ఏర్పాటు పెట్టాయి. హైదరాబాద్ అమీర్‌పేట ట్రాఫిక్‌లో అయితే ఆ అరగంట రోజూ ఉంటుంది మరి! ఆలోచించుకోండి.

ఎలుగు కొండ

సాయంత్రం స్టర్జిస్ బయట బేర్ బ్యూట్ అనే కొండ దగ్గర ఆగాం. లకోటా తెగవాళ్ళకి అది పవిత్రమైన కొండ. చెట్ల కొమ్మలకి రంగు గుడ్డ పీలికలు కట్టి మొక్కుకుంటారు, మన ఊళ్ళో రావిచెట్టుకి ముడుపులు కట్టినట్టే. ‘డాన్సెస్ విత్ ఉల్వ్స్’ (1990)లో కెవిన్ కాస్ట్‌నర్ చూపించింది వాళ్ళ మనుషుల్నే, తీసింది కూడా చాలావరకు ఈ రాష్ట్రంలోనే. 1868 ఒప్పందంలో ఈ కొండలన్నీ వాళ్ళవేనని సంతకాలు పెట్టారు. బంగారం దొరికాక 1877లో లాక్కున్నారు. 1980లో సుప్రీంకోర్టు పదికోట్ల డాలర్లకి పైగా పరిహారం ఇవ్వమంది. వాళ్ళు ముట్టుకోలేదు, కొండలే కావాలన్నారు. 2006లో ఈ కొండ పక్కన బైకుల వాళ్ళ కోసం పెద్ద సారా దుకాణం, పాటకచేరీల మైదానం పెడుతుంటే ఎదురు తిరిగారు.

నా బండి మీది ఆ ఈకల కిరీటం బొమ్మ, అక్కడ నిలబడ్డప్పుడు నాకు కాస్త ఇబ్బంది కలిగించిన మాట నిజం. బొమ్మ ఇనుప బండి మీదుంది, మనుషులు కొండ దగ్గరున్నారు. ఇంజను ఆపేసి, కొండ వైపు దారి దిగేదాకా తోసుకుంటూ వచ్చాం. 330 కిలోలు తొయ్యడం ఏమిటో మావాణ్ణి అడగండి.

తీర్పు

రాత్రి మోటల్లో పులిహోర ఆఖరి ముద్ద తింటూ మా ఆవిడ తీర్పు చెప్పింది. ‘‘ఏమండీ, మీరు ముందు కూర్చుని రోడ్డు చూస్తారు. నేను వెనక కూర్చుని మీ హెల్మెట్ చూస్తాను. నాకు సీటే రోడ్డు. హార్లీ మీద నా మోకాళ్ళు నొప్పెట్టలేదు. వెనక ఆనుకోడానికి దిండు ఒకటి తగిలిస్తే రష్‌మోర్ దాకా మళ్ళీ వస్తాను.’’ ఇంకో మాట కూడా అంది: ‘‘మనింటికి హార్లీ షాపు ఇరవై నిమిషాలు. ఇండియన్ షాపుకి గంటకి పైన. మీరు పడితే నేను లేపుతాను. బండి పాడైతే ఎవరు లేపుతారు?’’

నేను బర్ట్ మన్రో పేరెత్తాను. ‘‘ఆయన వెనక ఎవరూ కూర్చోలేదు’’ అంది. కేసు కొట్టేశారు!

మావాడు గంతులేస్తాడనుకున్నాను. తల వంచుకుని పులిహోరలో వేరుశనగపప్పులు ఏరుకుంటున్నాడు. ‘‘ఏంట్రా?’’ అన్నాను. ‘‘బావా… నేను పొద్దున్న మీరు లేవకముందు వెళ్ళి స్కౌట్ నడిపి చూశాను. నీళ్ళతో చల్లబడే ఇంజను, బరువు మీ బండి కన్నా ఎంతో తక్కువ, నా కాళ్ళు రెండూ నేలకి ఆనాయి. అడ్వాన్సు కూడా…’’ అని నసిగాడు. మూడేళ్ళు హార్లీ టోపీ పెట్టుకు తిరిగినవాడు ఇండియన్‌కి అడ్వాన్సు ఇచ్చాడు! మిల్వాకీలో ఆ బండి ఎక్కడ దాస్తున్నాడో నేను మాత్రం బయటపెట్టను. 2025 అక్టోబరులో పొలారిస్ కంపెనీ ఇండియన్‌లో ఎక్కువ వాటా వేరేవాళ్ళకి అమ్ముతున్నట్టు ప్రకటించినప్పుడు మాత్రం అర్ధరాత్రి ఫోను చేశాడు, ‘‘ఇప్పుడు నా సంగతేంటి బావా?’’ అంటూ. 1953 నించి ఎన్నిసార్లు చచ్చి బతికిందో వాడికి చెప్పి పడుకోమన్నాను.

మీరు అనొచ్చు, ‘అమెరికా కబుర్లు మాకెందుకండీ, మాకు ఇరవై వేల డాలర్లెక్కడివి?’ అని. తగువు అక్కడా ఇదే కదా! హార్లీ 2020లో మన దేశంలో సొంత దుకాణం కట్టేసి, హీరో కంపెనీతో చెయ్యి కలిపి 2023లో ఎక్స్ 440 తెచ్చింది. ఎన్‌ఫీల్డ్ మీటియర్ 2020లోనే ఉంది. 2018లో తిరిగొచ్చిన జావా పక్కన 42 బాబర్ నిలబెట్టింది. మా నాన్నల కాలంలో బుల్లెట్టువాళ్ళూ జావావాళ్ళూ సోడా బండి దగ్గర ఇలాగే కొట్టుకునేవాళ్ళు. మీకు నేను చెప్పగలిగింది ఒకటే. షోరూములో పొగడ్తలు వినకండి. రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనుతున్నాయో లేదో చూసుకోండి. వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్ళి అరగంట తిప్పండి. ఇంకా ఎవరూ లేకపోతే మీ చెల్లెల్నో స్నేహితుణ్ణో తీసుకెళ్ళండి, మొహమాటం లేకుండా చెబుతారు.

అక్టోబరులో మేం కొన్నది కొత్తది కాదు, రెండేళ్ళు వాడిన హెరిటేజ్ క్లాసిక్. అమ్మాయి ఫీజు పోగా మిగిలినదానికి అదే వచ్చింది. నలుపు రంగు. వెనక దిండు ఆ వారమే తగిలించాం. ఆదివారం పొద్దున్న ఇంటి ముందు పెట్టి, మా ఆవిడని వెనక ఎక్కించి, నేను హెల్మెట్ పెట్టుకుని, ఫోనులో అమ్మకి చూపించాను. ఇంజను స్టార్టు చేశాను. తెనాలిలో ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని వింది.

‘‘మీ మావయ్య బుల్లెట్టు లాగానే ఉందిరా’’ అంది. అని, మళ్ళీ తెర దగ్గరికి వంగి, కళ్ళజోడు సర్దుకుని, ‘‘ఒరేయ్, నువ్వు పెట్టుకున్నావు సరే… కోడలికి హెల్మెట్టేదీ?’’ అంది.

ఇంజను ఆపి, లోపలికి వెళ్ళి తెచ్చాను.